అడుగంటిన సూపు

ఆ ఊళ్లో సముద్రం ఒడ్డు రోడ్డు మీద వరసగా ఐదు హోటళ్లున్నాయి. ఒకదాన్ని ఓడలా కట్టారు. దానికి తెరచాప కూడా ఉంది, గట్టిగా గాలి వీస్తే అది ఊడొచ్చి తినేవాళ్ల నెత్తి మీద పడుతుంది. రెండోది అద్దాల హోటలు. సముద్రం కనబడాలని నాలుగు వైపులా అద్దాలు పెట్టారుగానీ, ఉప్పుగాలికి అవి మసకేసిపోయి, లోపల కూర్చుంటే అంత సముద్రమూ చేతులు కడిగిన నీళ్లలా కనబడుతుంది. మూడోదాంట్లో గొడుగులు. నాలుగోదాంట్లో కుర్చీలకు బదులు ఉయ్యాలలు, సూపు ఒలకకుండా జనం కాళ్లు నేలకు తన్నిపెట్టి బిగుసుకుని కూర్చుంటారు. ఐదోదాంట్లో దీపాలే ఉండవు. ఏం తింటున్నామో తెలియకపోవడమే అక్కడి గొప్ప.

ఐదింటి మెనూ కార్డుల మీదా ఒకే మాట ఉంటుంది: "మా వంటింటి రహస్యం". ఆ రహస్యం మన కొత్త పెళ్లికూతురికి పెళ్లయిన మూడో రోజునే తెలిసిపోయింది. భర్త ఆమె చెవిలో చెప్పిన మొట్టమొదటి రహస్యం అదే. ప్రేమ కబుర్లు చెబుతాడేమోనని ఆమె కళ్లు మూసుకుని చెవి దగ్గర పెడితే, అతను గుసగుసగా అన్నాడు కదా, "ఆ ఐదు హోటళ్లలో దేనికీ వంటిల్లు లేదు."

ఆమె కళ్లు తెరిచింది. "మరి?"

"ఐసు ఫ్యాక్టరీ వెనకాల రేకుల షెడ్డుంది చూడు. ఐదింటికీ అక్కడే వండుతాం. పొద్దున్నే క్యాన్లలో నింపి వ్యాన్లో పంపిస్తాం. వాళ్లు వేడి చేసి, పైన ఓ ఆకు పెట్టి ఇస్తారు. ఎవరితోనైనా అన్నావా, నా ఉద్యోగం ఊడుతుంది."

ఆమెకు పట్టలేనంత నవ్వొచ్చింది. ఊరు ఊరంతా ఓడలో బాగుంటుందా, అద్దాల్లో బాగుంటుందా అని కొట్టుకు చస్తుంటే, రెండుచోట్లా గరిటె తిప్పేది తన మొగుడేనా! ఆ సంతోషంలో దిండు కొరికి మరీ నవ్వింది.

షెడ్డులో అతన్ని అందరూ మాస్టరు అంటారు. ఆరేళ్లుగా అక్కడ చేపల సూపు అతని చేతి మీదే నడుస్తోంది. తనకి సెలవైన ఆదివారం ఇంట్లో చిన్న గిన్నెలో, సన్నటి సెగ మీద, పక్కనుంచి కదలకుండా అదే సూపు వండి ఆమెకు పెట్టాడు. ఒక్క చెంచా నోట్లో పెట్టుకోగానే, ఈ మనిషిని చేసుకుని ఎంత మంచి పని చేశానో అనిపించింది. డిగ్రీ చదివిన అమ్మాయి, అంత తేలిగ్గా పొగిడే రకం కాదు. అయినా గిన్నె నాకినంత పని చేసింది.

"ఇంత బాగా చేస్తారా? మరి మొన్న గొడుగుల హోటల్లో తిన్నది మాడు వాసనొచ్చిందేంటి?"

అతని మొహం వాడిపోయింది. అప్పుడు బయటపడింది రెండో రహస్యం.

రెండేళ్ల కిందట షెడ్డుకి పెద్ద గిన్నె కొన్నారు. పొయ్యి మాత్రం పాతదే. ఒకరోజు వ్యాను డ్రైవరు ఏదో గొడవ పెట్టుకుంటే మాస్టరు బయటికెళ్లి సర్దిచెప్పి వచ్చేసరికి సూపు అడుగంటింది. మళ్లీ వండే వ్యవధి లేక, దేవుడి మీద భారం వేసి క్యాన్లు నింపేశాడు. సరిగ్గా ఆ రోజే అద్దాల హోటలుకి వచ్చాడు నాలుకాయన.

నాలుకాయన అంటే ఊరి పత్రికలో వారం వారం హోటళ్ల గురించి రాసే పెద్దమనిషి. తన నాలుక మీద తనకెంత నమ్మకమంటే, మంచినీళ్లు తాగినా ఒక నిమిషం కళ్లు మూసుకుని ఆలోచిస్తాడు. ఆయన ఆ మాడిన సూపు తాగి అరపేజీ రాశాడు. అందులో దూరాన తగలబడుతున్న పడవ పొగ వినిపించిందట. పొగ కనిపించడం కాదు, వాసన రావడం కాదు, వినిపించింది! మర్నాడే ఐదు హోటళ్ల నుంచీ షెడ్డుకి ఫోన్లు: "నిన్నటిలాగే కావాలి."

అప్పట్నుంచీ రోజూ పొద్దున్న సూపు ఉడికే సమయానికి మాస్టరు గరిటె పక్కన పెట్టేసి, చేతులు కట్టుకుని, పది నిమిషాలు మాడనివ్వాలి. అదీ డ్యూటీ. ఇంకా విచిత్రం, నాలుకాయన అద్దాల హోటలు పొగని మెచ్చుకుంటూనే, ఓడ హోటలు పొగ దొంగ పొగ అనీ, చీకటి హోటలు పొగకి పొగరెక్కువ అనీ రాశాడు. మూడూ ఒకే గిన్నెలోవి.

"ఆ పది నిమిషాలూ నా కడుపు రగిలిపోతుందోయ్," అన్నాడతను. "చిన్న గిన్నెలో ఇరవై మందికి నా చేత్తో నేను వండే చోటు ఒక్కటి దొరికితే చాలు."

ఆ చోటు దొరికేలా కనబడింది. అద్దాల హోటలు ఎప్పుడూ తన వంటవాడి మొహం చూపించదేమిటని నాలుకాయన ఒక వారం రాశాడు. ఓనరుకి అది గుచ్చుకుంది. వెంటనే చీఫ్ మాస్టర్ కావాలని గేటుకి బోర్డు తగిలించాడు. శనివారం సాయంత్రం నాలుగింటికి పరీక్ష, చేపల సూపు వండాలి, తీర్పు నాలుకాయనది. వంటకి హోటలు వెనక కొత్త పొయ్యి, కొత్త గిన్నెలు పెట్టించాడు. ఓనరు ఆరేళ్లుగా షెడ్డు సూపు అమ్ముకుంటున్నాడుగానీ ఆ షెడ్డు గడప ఏనాడూ తొక్కలేదు కాబట్టి మాస్టరు మొహం ఆయనకి తెలియదు.

"ఇది వస్తే ఇక ఆ మాడు వాసన నుంచి బయటపడ్డట్టే," అంటూ మాస్టరు చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేసుకున్నాడు.

ఒక షరతు కూడా ఉంది. పరీక్షకొచ్చేవాళ్లు ఇంట్లోవాళ్లని వెంటబెట్టుకుని రావాలి. ఫొటోల్లో కుర్చీలు ఖాళీగా కనబడకూడదట. అలా కొత్త పెళ్లికూతురూ, ఆమె ఆడపడుచూ శనివారం మధ్యాహ్నం అద్దాల హోటల్లో కుర్చీలు నింపడానికి బయల్దేరారు. ఆడపడుచంటే మాస్టరుకి అక్క, గట్టి నోరుగల మనిషి. మంచి చీర కట్టుకుని, ఆకలి బాగా వేయాలని పొద్దున్నుంచీ ఏమీ తినకుండా వచ్చింది.

వాళ్ల బల్ల దగ్గర అప్పటికే ఒక ముసలావిడ కూర్చుని ఉంది. హోటలు క్యాషియరుకి నాయనమ్మట, ఆవిడ కూడా కుర్చీ నింపడానికే వచ్చింది. బల్ల మధ్యలో బుట్టనిండా నిగనిగలాడే బ్రెడ్డు ఉంది. ఆడపడుచు చెయ్యి చాచగానే సూటు వేసుకున్న సర్వరు పరుగున వచ్చాడు.

"అమ్మా, అది తినకూడదండీ. ఫొటోల కోసం."

"తింటే ఫొటోలో పడదా ఏంటి?"

"అది పోయిన నెలదండీ. పైన రంగు వేశాం."

ఆడపడుచు చెయ్యి వెనక్కి తీసుకుని చీరకి తుడుచుకుంది. "చూశావా మరదలా, మీ ఆయన దీని కోసం చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేశాడు."

"ఊరుకోండి వదినా, వినబడుతుంది."

"వినబడనీ. పొద్దుటి నుంచీ కడుపు మాడ్చుకున్నాను. ఆ మంచినీళ్లయినా నిజమైనవేనా బాబూ?"

క్యాషియరు నాయనమ్మ బోసినోటితో నవ్వింది. "నీళ్లు నిజమైనవే తల్లీ. గ్లాసుల్లో ఐసుముక్కలే ప్లాస్టిక్‌వి. మొన్న ఒకటి చప్పరించి చూశాను."

కొత్త పెళ్లికూతురు పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వకూడదు, ఇవాళ మాత్రం అస్సలు నవ్వకూడదు అని మనసులో ఒట్టేసుకుంది.

నాలుగింటికి నాలుకాయన వచ్చాడు. ఆయన వస్తుంటే ఓనరు వెనక్కి నడుస్తూ దారి చూపించాడు, అలా వెనక్కి నడుస్తూ ఒక కుండీని గుద్దుకున్నాడు. నాలుకాయన హాలు మధ్యలో ఒంటరి బల్ల దగ్గర కూర్చుని, జేబులోంచి సొంత చెంచా తీశాడు. దానికి వెల్వెట్ సంచీ ఉంది. చుట్టూ అమ్మలూ, అత్తలూ, పినతండ్రులూ పెళ్లిచూపుల్లోలాగా ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఫొటోగ్రాఫరు ఆ చెంచాకే నాలుగు ఫొటోలు తీశాడు.

పరీక్షకి ఇద్దరే నిలిచారు. ఒకడు మాస్టరు. రెండోవాడికి మూరెడు పొడుగు తెల్లటోపీ ఉంది, అది తప్ప అతని గురించి చెప్పుకోవడానికి ఇంకేమీ కనబడలేదు. ముందు టోపీ సూపు వచ్చింది. నాలుకాయన ఒక చెంచా తీసుకుని, కళ్లు మూసి, చాలాసేపటికి తెరిచాడు.

"పొగ ఉంది," అన్నాడు. "కొంచెం తొందరపాటు పొగ. అయినా ఉంది."

ఉండక ఏం చేస్తుంది? టోపీ పత్రిక చదివి వచ్చాడు. గిన్నెలో ఒక బొగ్గుముక్క ముంచి తీశాడని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత మాస్టరు సూపు. అతను దాన్ని స్వయంగా పట్టుకొచ్చి బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు. మామూలుగా అయితే కుర్చీలు నింపేవాళ్లకి తినడానికి ఏమీ పెట్టరు. కానీ నాలుకాయన ముందు ఖాళీ బల్లలు బాగుండవని ఓనరు సైగ చేస్తే, గిన్నెలో మిగిలింది వీళ్లకి కూడా వడ్డించారు. మొదటి చెంచాకే కొత్త పెళ్లికూతురికి ఆదివారం గుర్తొచ్చింది. తేటగా, తియ్యగా, ఇప్పుడే వల లాగినట్టుంది. ఆడపడుచు మాట్లాడడం మానేసింది. ఆవిడ విషయంలో అది చిన్న సంగతి కాదు.

నాలుకాయన మాత్రం చెంచా కిందపెట్టి నిట్టూర్చాడు.

"ఇందులో ఏమీ లేదు."

ఆయన చెంచా కొనతో గిన్నె అంచు తట్టాడు.

"చేప ఉంది. ఉప్పు ఉంది. అంతే. ఆత్మ ఏది? పొగ ఏది?" ఓనరు వైపు తిరిగాడు. "మీ హోటలు సూపు తెప్పించండి. పోల్చి చూపిస్తాను."

ఓనరు తబ్బిబ్బవుతూ లోపలికి చిటిక వేశాడు. పొద్దున వ్యాన్లో వచ్చిన క్యానులోంచి ఒక గిన్నె వేడిచేసి, పైన ఆకు పెట్టి తెచ్చారు. ఆ ఆకుని మెనూ కార్డులో అరుదైన సముద్రపు మూలిక అన్నారు. వృక్షశాస్త్రం చదువుకున్న కొత్త పెళ్లికూతురు దాన్ని గుర్తుపట్టింది. ఇందాక ఓనరు గుద్దుకున్న కుండీలోదే.

నాలుకాయన ఆ సూపు రుచి చూశాడు. ఆయన కళ్లు చెమర్చాయి. నిజంగానే చెమర్చాయి, ఫొటోగ్రాఫరు అది కూడా తీశాడు. ఆ తర్వాత మాస్టరు వైపు వేలు చూపించి, జాలీ చీదరా కలిసిన గొంతుతో అన్నాడు, "నాయనా, ఈ సూపు వండిన మహానుభావుడెవరో వెతుక్కో. వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకో."

మాస్టరు చేతులు కట్టుకుని తలవంచుకున్నాడు. షెడ్డులో గిన్నె మాడుతుండగా ఆ పది నిమిషాలూ ఇలాగే నిలబడతాడు కాబోలు అనుకుంది ఆమె. గుండె కలుక్కుమంది. దానితోపాటే, ఆ కాళ్ల మాట తలకెక్కి, ఎంత ఆపుకున్నా ఆగకుండా ఫక్కున నవ్వొచ్చేసింది. ఆ మసక అద్దాల హాల్లో ఆ నవ్వు పళ్లెం జారిపడ్డట్టు మోగింది.

నాలుకాయన తల తిప్పాడు. "ఏమ్మా, ఎందుకంత నవ్వు?"

"ఆ కాళ్లు ఈయనవేనండీ," అంది ఆమె. ఒక్కసారి నోరు తెరిచాక ఇక ఆగలేదు. "మీరిప్పుడు కళ్లనీళ్లు పెట్టుకున్న సూపూ ఈయన వండిందే. పొద్దున పెద్ద గిన్నెలో అడుగంటింది. మీరు పొగ అంటున్నది మాడు వాసనండీ. కావాలంటే షెడ్డుకి రండి, గిన్నె అడుగు చూపిస్తాం."

"అయ్యో, అయ్యో," అన్నాడు మాస్టరు. ఓనరు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన మాస్టరుని మొదటిసారి చూస్తున్నట్టు పైనుంచి కిందదాకా చూసి, ఒక్కసారిగా పెద్దగా నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వాల్సిందేమో అనుకుని సర్వర్లూ నవ్వారు.

నాలుకాయన నవ్వలేదు. ఓపిగ్గా అడిగాడు, "కొత్తగా పెళ్లయిందా అమ్మా?"

"నలభై రోజులైంది."

"అదీ సంగతి." ఆయన చెంచా తుడుచుకుని వెల్వెట్ సంచీలో దోపుకున్నాడు. "నలభై రోజులప్పుడు ఊళ్లో ఏ మంచి వంట చూసినా మా ఆయనదే అనిపిస్తుంది. తప్పు లేదు. ఇరవై ఏళ్ల నుంచి నేను ఈ నాలుకని కాపాడుకుంటూ వస్తున్నాను. మాడు వాసనకీ పొగకీ తేడా తెలియకపోతే ఇక నేనెందుకు?"

అది మంచి ప్రశ్నే. కానీ జవాబు కోసం ఆయన ఆగలేదు. టోపీ వైపు ఒకసారి తలాడించి, ఇంకో సూపు మీద ఇంకో అరపేజీ రాయడానికి కాబోలు, కారెక్కి వెళ్లిపోయాడు. నిజం హాలు మధ్యలో నిలబెట్టి చెప్పినా, ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు. నమ్మిన మనిషి ఓనరొక్కడే.

ఆయన భార్యాభర్తలిద్దర్నీ వెనక అంట్ల తొట్టి దగ్గరికి లాక్కుపోయాడు. అక్కడ ఎంగిలి పళ్లాల మధ్య గొంతు తగ్గించి, చాలా ప్రేమగా మాట్లాడాడు.

"మాస్టరుగారూ, ముందే చెప్పొద్దా మీరేనని! టోపీగాణ్ణి పంపించేస్తాను. ఈ పోస్టు మీదే. తెల్ల కోటు, దాని మీద మీ పేరు దారంతో కుట్టిస్తా. గేటు దగ్గర నిలువెత్తు ఫొటో. అమ్మాయిగారు మాత్రం ఇందాకటి మాట ఇక ఎక్కడా అనకూడదు."

మాస్టరు మొహం వెలిగింది. ఆమె భర్త దగ్గరికి జరిగింది. తన నోటి దురద వల్ల పోయిందనుకున్నది తిరిగి దొరుకుతోంది.

"సరేనండీ. ఇందాక వండిన ఆ చిన్న గిన్నె చాలు నాకు. రోజూ ఇరవై మందికి..."

"వండడమా?" ఓనరు ఆశ్చర్యపోయాడు. "మీకెందుకండీ ఆ శ్రమ? సూపు మీ షెడ్డు నుంచి ఎలాగూ వస్తుంది. మీ బదులు అక్కడ ఇంకెవరో మాడుస్తారు. మీరిక్కడ వేడిచేసి, ఆకు పెట్టి, కోటు వేసుకుని హాల్లో ఒకసారి తిరిగితే చాలు."

"మరి నేను వండే సూపో?"

"అది ఎవరికి కావాలండీ?" అన్నాడు ఓనరు. తిట్టినట్టు కాదు, నిజంగానే తెలియక అడిగినట్టు.

మాస్టరు తలుపు వైపు తిరిగాడు. తలుపు సందులోంచి హాలు కనబడుతోంది. ఆడపడుచు గిన్నె వంచి చివరి చుక్క చెంచాలోకి పట్టుకుంటోంది. కొత్త పెళ్లికూతురు భర్త మొహంలోకి చూసింది. అవునని అనమనీ చెప్పలేదు, వద్దని అనమనీ చెప్పలేదు. ఇందాక తను మాట్లాడాల్సింది మాట్లాడేసింది. ఇది అతని వంతు.

"వద్దండీ," అన్నాడు మాస్టరు.

"ఏమిటి వద్దు?"

"కోటు వద్దు. క్యాను మూత తీయడానికి నా పేరు కుట్టించుకుంటే, రేపు అద్దంలో చూసుకుని నేనే నవ్వుకుంటాను."

ఓనరు గొంతులో ప్రేమ ఎగిరిపోయింది. "మీ షెడ్డువాళ్లకి ఒక్క ఫోన్ చేశానంటే ఏమవుతుందో తెలుసా?"

"చెయ్యండి. 'మీ ఆవిడ నిజమే చెప్పింది, అందుకే తీసేస్తున్నాం' అని నాతో అంటారా వాళ్లు? పైగా ఇక మీకు సూపు పంపేది ఎవరు?" మాస్టరు ఆ మాట కోపంగా కూడా అనలేదు. చేతులు కడుక్కుని, తువ్వాలు మడిచి తొట్టి అంచు మీద పెట్టాడు.

హాల్లోకి వచ్చేసరికి టోపీకి అప్పుడే ఫొటోలు తీస్తున్నారు. అతను రంగు వేసిన బ్రెడ్డు బుట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ముగ్గురూ ఆ పక్కనుంచే బయటికి నడిచారు.

"పోతే పోయింది వెధవ కోటు," అంది ఆడపడుచు రోడ్డు మీదికి రాగానే. "తమ్ముడూ, సూపు మాత్రం అదిరిపోయిందిరా. ఇన్నేళ్లూ నాకు ఒక్కసారైనా ఇలా వండి పెట్టావా? పెళ్లాం రావాల్సి వచ్చింది."

అతను నవ్వడానికి ప్రయత్నించాడుగానీ, ఆ నవ్వు పెదాల దాకా రాలేదు. ఆమె అతని చిటికెనవేలు పట్టుకుంది. "నా వల్లేనా అండీ?"

"నువ్వు నవ్వబట్టే ఆ కోటు ఇస్తానన్నాడు, నువ్వు నవ్వబట్టే నేను వేసుకోలేకపోయాను," అన్నాడతను. ఆ మాట మెచ్చుకోలో దెప్పో అతనికే తెలిసినట్టు లేదు.

వెనకనుంచి ఎవరో పిలిచారు. క్యాషియరు నాయనమ్మ, ఆయాసపడుతూ వస్తోంది.

"ఆగు బాబూ! ఆ రెండో సూపు నువ్వు వండిందేనా? ఆకు లేనిది?"

"అవునమ్మా."

"నాకు పళ్లు లేవు, ఏదీ నమలలేను. చాన్నాళ్ల తర్వాత ఇవాళే తిన్నట్టనిపించింది. నువ్వు ఏ హోటల్లో చేస్తావు నాయనా? మా మనవణ్ణి తీసుకెళ్లమంటాను."

మాస్టరు రోడ్డు వైపు చూశాడు. రోడ్డు పొడవునా వరసగా ఓడా, అద్దాలూ, గొడుగులూ, ఉయ్యాలలూ, చీకటీ. ఐదింటికీ వండుతాడు. అయినా అతని వంట ఎక్కడ దొరుకుతుందని అడిగితే చూపించడానికి ఒక్క గడప లేదు.

"ఎక్కడా దొరకదమ్మా," అన్నాడు మెల్లగా.

"ఎందుకు దొరకదు?" అంది కొత్త పెళ్లికూతురు. "మా ఇంట్లో దొరుకుతుంది. రేపు ఆదివారమేగా, మధ్యాహ్నం వచ్చేయండి నాయనమ్మగారూ. ఐసు ఫ్యాక్టరీ పక్క సందులో పచ్చతలుపు ఇల్లు."

"నేనూ వస్తున్నా," అంది ఆడపడుచు.

"మనవణ్ణి కూడా తీసుకురానా తల్లీ?"

"తీసుకురండి. కానీ చెంచాలు మీరే తెచ్చుకోవాలి. మా దగ్గర రెండే ఉన్నాయి."

"కూర్చోడానికో?" అన్నాడు మాస్టరు. ఇంట్లో ఉన్నది ఒక్క చాపేనని అతనికి గుర్తొచ్చి కంగారుపడ్డాడు. "ఇంతమందికి చోటెక్కడ?"

"సర్దుకుంటాంలే నాయనా," అంది ముసలావిడ. "కుర్చీలున్నచోట ఏం పెట్టారో చూశాంగా."

మాస్టరు అప్పుడు నవ్వాడు, ఈసారి నిజంగానే. అప్పటికే వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటున్నాడు: నలుగురు, మనవడితో ఐదుగురు, చేప కాస్త పెద్దది కావాలి, పొద్దున్నే రేవుకి వెళ్లాలి.